తాళానికి బొట్టు

మా గురివిరెడ్డన్న కారు కొన్నాడని ఊరంతా సంబరపడింది గానీ, ఆ కారు నా ప్రాణానికి వచ్చిందని ఎవరికీ తోచలేదు. కొన్నది ఆయన. నడిపింది హబీబుల్లా. నెట్టింది నేను. కారు అనే వస్తువు గురించి నాకు తెలిసినదంతా దాని వెనకవైపు నుంచి తెలిసిందే.

అది కర్నూలు కారు. కర్నూలు రాజధానిగా వెలిగిన రోజుల్లో ఎవరో పెద్దమనిషి అందులో తిరిగాడట. రాజధాని మూటాముల్లె సర్దుకుని హైదరాబాదుకు పోయేటప్పుడు మంచివన్నీ వెంట తీసుకుపోయి, పనికిరానివి వేలం వేశారు. కాలు విరిగిన కుర్చీలు, తలుపు లేని బీరువాలు, ఈ కారు. మా అన్న బీరువా కోసం పోయి కారు తోలుకొచ్చాడు. తోలుకొచ్చాడు అని గౌరవానికి అంటున్నాను, అది లారీ మీద వచ్చింది.

గురివిరెడ్డన్న మా పెదనాయన కొడుకు, పులివెందుల దగ్గర మా పల్లెకు సర్పంచి. మనిషి చెడ్డవాడు కాదు. తాను చెయ్యలేని పని లోకంలో ఉందని మాత్రం ఒప్పుకోడు. అట్లాంటి పని ఎదురైతే నా చేత చేయిస్తాడు. నా పేరు నారాయణ అయిన పాపానికి, ఆయన నోట్లో నేనెప్పుడూ నానుతూ ఉండేవాణ్ణి.

కారుకు ఇంజను బాగానే ఉంది. చక్రాలు నాలుగూ ఉన్నాయి. రోగమల్లా తాళంలో ఉంది. స్టీరింగు పక్కన పలక మీద ఒక ఇత్తడి బిళ్ళ, దాని నడుమ తాళంచెవి పెట్టే బెజ్జం. చెవి పెట్టి కుడివైపుకు తిప్పితే చిన్న ఎర్రదీపం వెలగాలి. అప్పుడు పక్కనున్న బొత్తాం లాగితే ఇంజను లేవాలి. ఆ చెవి తిరిగేది కాదు.

హబీబుల్లా మిలిటరీలో లారీలు తోలి వచ్చినవాడు. చెవి తిరగకపోతే దాన్ని బయటికి తీసి, నోటితో ఊది, తొడకు రుద్ది, బిస్మిల్లా అని మళ్ళీ పెట్టేవాడు. ఒక్కోసారి తిరిగేది. తిరగని రోజు మా అన్న ముందుకొచ్చేవాడు. ఆయన పద్ధతి వేరు. పళ్ళు నూరి, మెడనరాలు పొంగేటట్టు పట్టి తిప్పేవాడు. ఒక చెవి ఆ దెబ్బకే వంకరపోయింది. ఆ తర్వాత కారు దిగి, కండువా దులుపుకుని, "నారాయణా, నెట్టురా" అనేవాడు.

నేను నెట్టేవాణ్ణి. ఊరి చివరిదాకా నెట్టి, అక్కడ తిప్పి, మళ్ళీ ఇంటిదాకా నెట్టేవాణ్ణి. తాళం తిరగని కారును హైదరాబాదు దాకా నెట్టినా ఇంజను లేవదని నాకు శానా రోజులకు గానీ తెలియలేదు. హబీబుల్లాకు మొదటినుంచీ తెలుసు.

"ఒక్క మాట చెప్పింటే నీ సొమ్మేం పోయిండునప్పా?" అని వాణ్ణి నిలదీశాను.

"ఎట్ట చెప్పేదిన్నా? రెడ్డి నెట్టమంటాండాడు, నువ్వు నెడతాండావు. ఇద్దరూ సంతోషంగా ఉండారు. మధ్యలో నేనెవురు?" అన్నాడు వాడు.

ఇది చాలదన్నట్టు మా అన్న తాళానికి వైద్యం మొదలుపెట్టాడు. ఆయనకు ఆముదం మీద అపారమైన నమ్మకం. బండి ఇరుసుకు ఆముదమే, పసిబిడ్డ కడుపుకు ఆముదమే, తన బట్టతలకు కూడా ఆముదమే. తాళం బెజ్జంలో గరిటెతో పోశాడు. కొద్దిరోజులు చెవి వెన్నలో తిరిగినట్టు తిరిగింది. మా అన్న మీసం దువ్వుకున్నాడు. తర్వాత మా రోడ్ల మీది దుమ్మంతా పోయి ఆ ఆముదంలో పడి ముద్దయింది. అప్పటినుంచి తాళం చెవిని లోపలికి రానిచ్చేది గానీ, కదలనిచ్చేది కాదు.

ఆ స్థితిలో ఆ కారేసుకుని జమ్మలమడుగులో పెళ్ళికి పోయాం. అక్కడే కొంప మునిగింది.

మా వదిన వెంకటసుబ్బమ్మకు ఒక్కతే చెల్లెలు, అలివేలమ్మ. జమ్మలమడుగులో ఇచ్చారు. అలివేలమ్మ మొగుడు ఓబులేసు మా అన్నకు తోడల్లుడు. ఓబులేసుకు నవ్వు తప్ప వేరే వ్యసనం లేదు, ఆ ఒక్కటి మాత్రం గట్టిది. పెళ్ళి ఓబులేసు తరఫు వాళ్ళది, జరిగింది ఆయన ఇంట్లోనే. ఆడవాళ్ళు ముందుగానే బండ్లలో పోయి వచ్చేశారు, మగవాళ్ళం కారులో పోయాం. భోజనాలయ్యాయి. మమ్మల్ని సాగనంపడానికి వీధంతా నిలబడింది. మా అన్న కారెక్కి, కండువా సర్దుకుని, రాజుగారిలా చెయ్యి ఊపాడు. చెవి తిరగలేదు. హబీబుల్లా ఊదాడు, రుద్దాడు, బిస్మిల్లా అన్నాడు. మా అన్న మెడనరాలు పొంగించాడు. ఊపిన చెయ్యి మళ్ళీ మళ్ళీ ఊపలేక జనం వైపు చూడ్డం మానేశాడు.

"ఉండన్నా, నువ్వు దిగొద్దు" అన్నాడు ఓబులేసు. లోపలికి పోయి తన ఎద్దుల జతను తోలుకొచ్చి కారు ముందు కట్టించాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. పెళ్ళిమేళం వాళ్ళను పిలిచి ముందు నడవమన్నాడు. జమ్మలమడుగు బజారు వీధిలో ముందు సన్నాయి, దాని వెనక ఎద్దులు, ఎద్దుల వెనక కారు, కారులో మా అన్న, కారు వెనక అలవాటు కొద్దీ నేను.

ఇంటికొచ్చాక మా అన్న నట్టింట్లో నిలబడి ఒట్టుపెట్టుకున్నాడు.

"ఆ నా కొడుకు గడప నేను తొక్కను. నా ఇంట్లో మనుషులు గూడా తొక్కేదానికి ల్యా. తొక్కితే నేను సచ్చినట్టే లెక్క" అన్నాడు.

వదిన చేట పక్కన పెట్టి లోపలికి పోయింది. అలివేలమ్మ పేరుకు చెల్లెలే గానీ పెంచింది వదినే. తల్లి పోయేనాటికి ఆ పిల్ల పాలు మరవలేదు. చంకనేసుకుని తిప్పి, జుట్టు దువ్వి, పెళ్ళి చేసి పంపింది. ఒక కారును ఎద్దులు లాగాయని ఆ ఇద్దర్నీ విడదీసిన మగతనం మా అన్నది. నాకు కడుపు మండింది. కానీ కారు వెనక నిలబడేవాడి మాట ముందు కూర్చున్నవాడికి వినపడదు.

ఇదంతా జరిగిన కొన్నాళ్ళకు తాళం కథ మలుపు తిరిగింది. మా ఇళ్ళల్లో శుక్రవారం పొద్దున్నే ఆడవాళ్ళు గడపకు పసుపు పూసి బొట్టు పెడతారు. రోలుకు పెడతారు, విసుర్రాయికి పెడతారు, ఇనప్పెట్టెకు పెడతారు. ఇంటి మగవాడు చల్లగా ఉండాలని పెట్టే బొట్లు అవి. కారు వచ్చాక వదిన దాన్నీ ఆ వరసలో చేర్చింది. కారుకు బొట్టు ఎక్కడ పెట్టాలో ఏ పూజారీ చెప్పి ఉండలేదు. అందుకని ఇనప్పెట్టెకు పెట్టినట్టే తాళం బెజ్జం మీద పెట్టేది.

ఒక శుక్రవారం మా అన్న పులివెందులకు బయల్దేరాడు. చెవి తిరగలేదు. ఊదడం, రుద్దడం, మెడనరాలు, నేను నెట్టడం, అన్నీ సక్రమంగా జరిగాయి. నెట్టి నెట్టి మళ్ళీ వాకిట్లోకే తెచ్చి పెట్టాను. వదిన ఎదురు రావడానికని నీళ్ళచెంబు పట్టుకుని పొద్దుటినుంచీ నిలబడే ఉంది. ఇంక ఆమెకు విసుగు పుట్టింది. చెంబు కింద పెట్టి, కిటికీలోంచి చెయ్యి పోనిచ్చి, చెవి పట్టుకుని తిప్పింది. ఎర్రదీపం వెలిగింది.

నేను పక్కనే ఉన్నాను గనుక చూశాను. చెవిని చివరిదాకా పెట్టి, వడ్లగింజంత వెనక్కి లాగి, కొంచెం పైకెత్తి తిప్పింది. బలం ఎక్కడా పెట్టలేదు.

"ఎట్ట తిప్పినావు వదినా?" అన్నాను.

"మన ఇనప్పెట్టెకు గూడా ఇదే రోగం అబ్బీ. లోపలికి తొయ్యగూడదు, రమ్మని పిలవాల" అంది.

దాచుకోలేదు. అన్నకు చెప్పమంది కూడా. చెప్పాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"తాళాల సంగతి ఆడోళ్ళకేం తెలుసురా? అది శుక్రవారం మహిమ. నా ఇంటి లక్ష్మి చెయ్యి అది" అన్నాడు.

భార్యకు తనకంటే ఒక పని బాగా తెలుసని ఒప్పుకోవడం కంటే, భార్యలో దేవత దూరిందని నమ్మడం ఆయనకు సులభం. నమ్మాడు. మరుసటిరోజు శనివారం, తానే తిప్పబోయాడు, తిరగలేదు. వదినను పిలిచాడు, తిరిగింది. ఆ రోజునుంచి ఆమె లేకుండా కారు కదల్లేదు. ఊరికి పోతే సరిపోదు గదా, తిరిగి రావాలి, మధ్యలో ఎక్కడైనా ఇంజను ఆగితే మళ్ళీ లేపాలి. అందుకని ముందు సీట్లో హబీబుల్లా పక్కన వదిన, వెనక సీట్లో మా అన్న, నేను. నెట్టే ఉద్యోగం పోయినందుకు నేను తలంటి పోసుకున్నాను.

పెళ్ళయి వచ్చినాక పొలమూ, చెల్లెలి ఇల్లూ తప్ప ఇంకో చోటు ఎరగని మనిషి, పులివెందుల బజారు చూసింది, చీనీతోటలు చూసింది, వీరపునాయునిపల్లెలో పంచాయితీ చూసింది. మగవాళ్ళు చెట్టుకింద గొంతులు చించుకుంటుంటే ఆమె కారులో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ వినేది. తిరిగొచ్చేటప్పుడు, "ఆ ఎర్రచొక్కా ఆయప్ప అబద్ధమాడతాండాడు. మాట్లాడేటప్పుడు చెప్పులు ఇడిసి మళ్ళ తొడుక్కుంటాండాడు" అనేది. అది నిజమని తర్వాత తేలేది. రాను రాను జనం మా అన్నతో మాట్లాడ్డానికి ముందు కారు కిటికీ దగ్గరికొచ్చి, "అక్కా, నువ్వేమంటావు?" అని అడిగి పోవడం మొదలైంది. ఇది మా అన్నకు ముల్లులా గుచ్చుకుంది.

హబీబుల్లా ఒకరోజు నన్ను పక్కకు పిలిచి గుసగుసగా చెప్పాడు.

"అన్నా, చూసినావా? వారం వారం బొట్టు పెద్దదైతాంది."

చూశాను. మొదట్లో కందిగింజంత ఉండేది ఇప్పుడు రూపాయి కాసంత అయింది. చెవి పోయి వచ్చే దారిలో కుంకుమ లోపలికి పోతూనే ఉంది. దాన్ని అందుకోవడానికి ఆముదం ఉండనే ఉంది.

"చెప్దామా రెడ్డికి?" అన్నాను.

"నెట్టాలని ఉందా నీకు?" అన్నాడు.

నోరు మూసుకున్నాను.

ఇంతలో గాజుల పీరాంబీ వచ్చింది. ఊరూరా తిరిగి గాజులు తొడిగే ముసలామె. జమ్మలమడుగులో బయల్దేరి మా పల్లె దాకా వస్తుంది. భుజాన గాజుల మలారం దించుకోకముందే వదినను చూసి కళ్ళు తుడుచుకుంది.

"నీ చెల్లెలికి తొమ్మిదో నెల తల్లీ. ఇన్నేండ్లకు కడుపు పండింది. గాజులు తొడుగుదామని పోతే చెయ్యి ఇయ్యలా. మా అక్క వస్తేనే తొడిగిచ్చుకుంటా, లేకపోతే ఒద్దే ఒద్దంటాంది. మొగుడు బతిమలాడినా ఇంటల్యా. అమ్మవైనా నువ్వే, అక్కవైనా నువ్వే గదమ్మా" అంది.

ఆ రాత్రి అన్నం పెడుతూ వదిన మా అన్నను అడిగింది. బతిమలాడినట్టు కాదు, మామూలుగానే.

"ఏమప్పా, అలివేలికి గాజులు తొడిగిచ్చి వస్తా. ఒక్క పూట."

"ఒట్టు గుర్తుందా నీకు?"

"ఒట్టు నువ్వు పెట్టుకున్యావు. నేనేం పెట్టుకోలా."

"నా కారుకు ఎద్దుల్ని కట్టినోని ఇల్లు అది. పోయినావంటే మళ్ళ రావద్దు" అని మా అన్న విస్తట్లో చెయ్యి కడిగేసుకున్నాడు.

వదిన విస్తరి తీసి, చోటు అలికింది. వెనకవైపు తిరిగి ఉంది గనుక ముఖం కనపడలేదు. కానీ ఒకే చోట చాలాసేపు అలుకుతూ ఉండిపోయింది.

అప్పుడే పంచాయతీ సమితి ప్రెసిడెంటు ఎన్నిక వచ్చిపడింది. సర్పంచులు ఓట్లేసి ఎన్నుకోవాలి. మా అన్న నిలబడ్డాడు. పులివెందులలో సర్పంచులందరికీ మధ్యాహ్నం పొట్టేలు భోజనం పెట్టి మాట తీసుకోవాలని ఏర్పాటు. అంతా బాగుంది గానీ ఎవడో తుంటరి, "ఓటు రెడ్డికెయ్యాల్నా, ముందు సీట్లో రెడ్డెమ్మకెయ్యాల్నా?" అన్నాడని మా అన్న చెవిన పడింది. దాంతో ఆయనకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ప్రొద్దుటూరు పోయి మెకానిక్కు వలి బాషా దగ్గర తాళం బాగుచేయించి, వదినను అక్కడే ఇంటికి పోయే బస్సెక్కించి, మధ్యాహ్నానికి తన కారు తానే తిప్పుకుని పులివెందులలో దిగాలని పథకం వేశాడు.

"నువ్వు గూడా రా, ప్రొద్దుటూరు దాకా తిప్పేదానికి" అన్నాడు వదినతో.

తన ఉద్యోగం తీసేసే చోటికి తన చేత్తోనే కారు లేపి పోవాలి ఆమె. వచ్చింది. ఒళ్ళో గుడ్డ కప్పిన గంప పెట్టుకుంది. ఏమిటని మా అన్న అడగలేదు, నేను అడిగాను. చలివిడి, పసుపు, పీరాంబీ దగ్గర కొన్న గాజులు.

"ఎట్ట పోతావు వదినా?" అన్నాను మెల్లగా.

"తెలీదు అబ్బీ. బస్సు యాడికి పోతాదో ఆయప్పకు తెలుసు. నేను యాడ దిగుతానో ఆయప్పకేం తెలుసు?" అంది. కానీ తర్వాత ఇంటికి రానివ్వడన్న భయం ఆమెకూ ఉంది.

జమ్మలమడుగు కంటపడకుండా ఎర్రగుంట్ల మీదుగా చుట్టి ప్రొద్దుటూరు చేరాం. వలి బాషా ఇత్తడి బిళ్ళ ఊడదీసి, తాళాన్ని పలకలోంచి బయటికి లాగి, పాత పేపరు మీద పెట్టుకున్నాడు. సన్నని తీగతో బెజ్జంలో కెలికాడు. ఎర్రముద్ద ఒకటి రాలింది. మళ్ళీ కెలికాడు. ఇంకొకటి. వాడు వేళ్ళతో నలిపి, వాసన చూసి, మా అన్న ముఖంలోకి చూశాడు.

"ఏంది రెడ్డన్నా ఇది? తాళమా, తిరణాల అంగడా? కుంకుమ, ఆముదం, దుమ్ము, అన్నీ ఉండాయే. బొరుగులు ఒక్కటే తక్కువ."

అంగడి ముందు టీ తాగుతున్నవాళ్ళు నవ్వారు. మా అన్న వదిన వైపు చూశాడు. ఆమె కారులోంచే బదులు చెప్పింది.

"నేను పెట్టిన బొట్టే. ఆయప్ప ఆయుస్సు కోసరం పెట్టినా, శుక్రవారం శుక్రవారం."

"అదీ సంగతి. నీ ఆయుస్సంతా ఈడ ఇరుక్కోనుందన్నా" అంటూ వలి బాషా పెట్రోలు సీసా మూత తీశాడు. "ఇది పోసి ఒక్క ఊదు ఊదినానంటే మచ్చ గూడా మిగల్దు."

మా అన్న గబుక్కున వాడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగప్పా! కడగొద్దు!"

ఎన్నిక ముందు, పగలూ ప్రత్యర్థులూ ఉన్న మనిషి, భార్య తన ప్రాణం కోసం పెట్టిన కుంకుమను బజారులో పెట్రోలు పోసి కడిగించడానికి ఆయనకు గుండెలు చాలలేదు. ముఖాన చెమట పోసింది. వదిన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఏం మే, కడిగినాక మళ్ళ కొంచెం పెడితే సరిపోదా?"

"బొట్టు తుడిపేసి మళ్ళ పెడతారా ఎవురన్నా? పెద్దోనివి, నాకు తెల్దు. నువ్వే చెప్పు."

వలి బాషా మధ్యలో దూరాడు. "తాళం జోలికే పోవద్దులే. వైరు కత్తిరిచ్చి బయట ఒక స్విచ్చి పెడతా. దీపం వేసినట్టు వేస్తావు, తీస్తావు. తాళం ఉత్తినే ఉంటాది."

మా అన్న ముఖం వెలిగింది. వదిన చల్లగా తల ఊపింది.

"అట్లే చెయ్యండి. పనికిరాని తాళానికి బొట్టెందుకు? రేపట్నుంచి మానేస్తా" అని, చెమటకు నుదురు తుడుచుకోవడానికి కొంగు ఎత్తింది.

"ఏయ్! చెయ్యి దించు! చెయ్యి దించుమే!" అని మా అన్న కేక పెట్టాడు. టీ తాగేవాళ్ళు గ్లాసులు దించారు.

తర్వాత ఆయన చేసిన పని ప్రొద్దుటూరులో ఇప్పటికీ చెప్పుకుంటారు. పేపరు మీద రాలిన ముద్దలన్నీ ఏరించి, మళ్ళీ తాళంలో పెట్టమన్నాడు. ఒక్క రేణువు పోకూడదన్నాడు.

"యా అల్లా! బాగు చేసుకునేదానికి వస్తారు నా తావకు. చెడగొట్టిచ్చుకునేదానికి వచ్చినోనివి నువ్వొక్కనివే రెడ్డన్నా" అంటూనే వలి బాషా తీగతో కూరి కూరి పెట్టి, తాళాన్ని పలకలో బిగించాడు.

ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. పులివెందులలో పొట్టేళ్ళు ఉడుకుతూ ఉంటాయి. బస్సులో పోయి దిగితే ఓటు కాదు గదా, మంచినీళ్ళు కూడా పుట్టవని మా అన్నకు తెలుసు.

"తిప్పుమే. బిన్నా పోవాల" అన్నాడు.

వదిన ఒళ్ళో గంప సర్దుకుంది. "జమ్మలమడుగు మీద పోతే తిరుగుతాది."

"తాళానికి దారి తెలుస్తాదా?"

"తాళానికి తెల్దు. బొట్టుకు తెలుసు."

మా అన్న నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. హబీబుల్లా చక్రం వైపు చూశాడు. చివరికి ఆయన వేలు చూపించి షరతులు పెట్టాడు. కారు వీధి మొగలో ఆగాలి. ఇంజను ఆపకూడదు. తాను దిగడు. ఆమె పోయినంత తొందరగా రావాలి. అన్నిటికీ ఆమె తల ఊపింది.

చెవి పెట్టింది. వడ్లగింజంత వెనక్కి లాగింది. పైకెత్తి తిప్పింది. తిరగలేదు.

మళ్ళీ తిప్పింది. తిరగలేదు. వలి బాషా కూరిన కూరుడుకు తాళం బిగుసుకుపోయింది. మా అన్న వెనక సీట్లో ఉన్నాడు, ఆయనకు కనపడదు. నేను అలవాటు కొద్దీ నెట్టడానికి దిగి కిటికీ పక్కన నిలబడ్డాను. వదిన ముఖంలో రక్తం లేదు. పొద్దుటినుంచి తాను మాటలతో కట్టిన కోట ఒక ఇత్తడి ముక్క దగ్గర కూలిపోతోంది. జమ్మలమడుగులో చెల్లెలు చేతులు చాపకుండా కూర్చుని ఉంది.

ఆమె కొంగును తాళం మీదికి లాగింది. కొప్పులోంచి సూది తీసింది. కొంగు చాటున బెజ్జంలో పెట్టి గీకింది. గీకి గీకి ఆ ఎర్రముద్దలన్నీ అరచేతిలోకి రాల్చుకుంది. మా అన్న ప్రాణమని ఇంతసేపూ బజారంతా దడిపించిన కుంకుమను, కుండ మాడు గీకినట్టు గీకి పారేసింది. చేతులు రెండూ ఎర్రగా అయ్యాయి. నా కళ్ళలోకి చూసింది.

"ఏం చూసినావు నారాయణా?"

"నేను కారు ఎనకుండేవాణ్ణి వదినా. ముందర ఏం జరుగుతాదో నాకేం తెలుసు?" అన్నాను.

చెవి తిప్పింది. ఎర్రదీపం వెలిగింది. మా అన్న వెనకనుంచి, "చూసినారా? లక్ష్మి చెయ్యి!" అన్నాడు.

ఓట్ల సంగతి ఇక్కడే చెప్పేస్తాను, చివర్లో దానికి చోటు లేదు. మేం పులివెందుల చేరేసరికి విస్తళ్ళు ఎత్తేశారు. మా పొట్టేళ్ళను అవతలివాడు తన పొట్టేళ్ళని చెప్పి వడ్డించుకుని మాట తీసుకుని పోయాడు.

జమ్మలమడుగులో వీధి మొగ వచ్చింది. హబీబుల్లా ఆపలేదు. వాడికి ఆ క్షణంలో చెవుడు వచ్చింది. ఓబులేసు ఇంటి గడపకు ఎదురుగా ఆపాడు. వదిన తాళం తిప్పి ఇంజను ఆపింది. చెవి తీసి కొంగున ముడేసుకుని, గంప నా చేతికిచ్చి దిగింది.

"ఇంజను ఆపొద్దంటినే!" అని మా అన్న అరిచాడు.

"పెట్రోలు కాలతాందప్పా" అని ఆమె లోపలికి పోయింది.

గాజులు అమ్మిన రోజే వదిన వస్తుందని పసిగట్టిందో ఏమో, నడవలో పీరాంబీ మలారం విప్పుకుని కూర్చుని ఉంది. అలివేలమ్మ గోడ పట్టుకుని లేచింది. నిండు నెలలు, లేవడం కష్టంగా ఉంది. వదిన పరుగెత్తి రెండు చేతుల్లో ఆమె ముఖం పట్టుకుంది. గంప పట్టుకుని నేను పక్కన నిలబడ్డాను. వదిన చేతులు తీసేసరికి అలివేలమ్మ రెండు చెంపలూ ఎర్రగా ఉన్నాయి.

"ఏందక్కా ఇది? ఆముదం వాసన వస్తాంది."

"మీ బావ ఆయుస్సులే. ఏం కాదు. చెయ్యి చాపు" అంది వదిన.

బయట ఎండలో కారు చుట్టూ పిల్లలు మూగారు. ఓబులేసు కిటికీ దగ్గరికి పోయి, "అన్నా, దిగు. ఎద్దుల్ని అమ్మేసినాలే" అన్నాడు. మా అన్న అటు తిరిగి కూర్చున్నాడు. హబీబుల్లా ఎప్పుడో దిగి నీడకు పోయాడు. కాసేపటికి కారు రేకు కాలి, లోపల కూర్చోడానికి లేకపోయింది. మా అన్న దిగాడు. వచ్చి గడప అవతల నిలబడ్డాడు.

"తాళంచెవి ఇయ్యి. పోవాల" అన్నాడు.

వదిన తల ఎత్తలేదు. అలివేలమ్మ చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు నొక్కి, పీరాంబీ గంపలోంచి తీసి అందించిన గాజును మెల్లగా ఎక్కిస్తోంది. సగం ఎక్కింది.

"నా చేతులు రెండూ ఖాళీగా లేవు. కొంగున ముడేసి ఉంది. లోపలికొచ్చి తీసుకో" అంది.